చేపల వాసన

సోమవారం పొద్దున ల్యాబ్ తలుపు తీయగానే లిఖితకు చేపల వాసన కొట్టింది.

ఫ్రీజర్‌లో ఉండాల్సిన ఎంజైమ్ ట్యూబులు బల్ల మీద ఉన్నాయి. అదీ ఒక పాత థర్మోకోల్ డబ్బాలో, కరిగిపోతున్న ఐసు మధ్య. నీళ్ళలో చేప పొలుసులు తేలుతున్నాయి.

రోజూ కొంపల్లి నుంచి శామీర్‌పేటకు వచ్చి, ఏడాదిగా శుద్ధి చేసుకున్న ఎంజైమ్ అది. చల్లదనం తగ్గితే చచ్చిపోతుంది. మళ్ళీ మొదలుపెట్టే ఓపిక ఆమెకు లేదు, కంపెనీకి అసలే లేదు.

ఫ్రీజర్ మాత్రం నిక్షేపంగా నడుస్తోంది.

లిఖితకు అంతా అర్థమైపోయింది. ట్యూబులు ఫ్రీజర్‌లో పెట్టి, డబ్బా తీసుకుని విసురుగా గేటు దగ్గరికి నడిచింది. అక్కడ చేపలమ్మే జంగమ్మ ముందు దాన్ని పడేసింది.

"ఇది నీదేనా?"

"నాదే బిడ్డా. ఐసు ఆగిందా?"

"చేపలు దాచుకోవడానికి నా ఫ్రీజరే దొరికిందా? లోపలున్నవి తీసి ఇందులో పడేయిస్తావా?"

"అయ్యో, గట్ల గాదు బిడ్డా, సిద్దన్న..."

"చాలు. బాలేష్! ఈవిడ ఇక ఇక్కడ కనపడకూడదు."

సెక్యూరిటీ బాలేష్ చేపల గంప ఎత్తి ఆటోలో పెట్టాడు. జంగమ్మ ఖాళీ డబ్బా చంకన పెట్టుకుని ఆటో ఎక్కింది.

ఎంత చచ్చిందో చూద్దామని లిఖిత ఎంజైమ్ చుక్క తీసి పరీక్షకు పెట్టింది. అది పనిచేస్తే ద్రావణం పసుపు రంగుకు తిరగాలి.

తిరిగింది.

నమ్మలేక మళ్ళీ పెట్టింది. మెషిన్‌లో శుక్రవారం నాటి అంకే వచ్చింది. లిఖిత కుర్చీలో కూలబడి నవ్వేసింది. తన అదృష్టం అనుకుంది.

సాయంత్రం ఇంటికి బయల్దేరుతుంటే సిద్దిరాములు డ్యూటీకి వచ్చాడు. ఆదివారం కాపలా అతనిదే.

"ట్యూబులు మంచిగున్నయా మేడం?"

"నీకెలా తెలుసు?"

"నిన్న దినమంత కరెంటు లేదు. జనరేటర్ గూడ నడువలే. ఫోన్ జేస్తే మీరు ఎత్తలే. మీరు ట్యూబులు ఐసుల వెట్టుకొని తిరుగుడు సూస్తనే ఉంట గదా. పోయి జంగమ్మను అడిగిన. ఉన్న ఐసంత ఇచ్చింది. రాత్రి కరెంటొచ్చినా మళ్ల పోతదేమోనని ట్యూబులు ఐసులనే ఉంచిన."

లిఖిత గేటు పక్క ఖాళీ చోటు వైపు చూసింది.

"మరి ఆవిడ చేపలు?"

"ఖరాబైనయ్ మేడం. ఆదివారం గిరాకీ అంత పాయె. నేను వద్దంటనే ఉన్న. 'నా శాపలు ఎట్లనన్న సచ్చినయే గదా సిద్దన్నా, ఆ పిల్ల సామానన్న బతకనీ' అన్నది."