మీట ఏ వైపు?

ఇలా దగ్గరికి రావే మనవరాలా, మీ అమ్మ సంగతి ఒకటి చెబుతాను.

నా గది మేడమీద కదా. మోకాళ్ళు పట్టేసి నెలరోజులుగా కిందికి దిగలేదు. మెట్ల పక్కన పట్టాల మీద నడిచే కుర్చీ బిగిస్తామని ఒకతను కొలతలకు వచ్చాడు. అది మీ అమ్మ ఆలోచనని తెలిసి నాకు ఒళ్ళు మండింది.

"కాళ్ళున్నదాన్ని కుర్చీకి కట్టేస్తావటే? నీ కళ్ళు చల్లబడతాయా?"

"కాళ్ళుంటే దిగండి అత్తయ్యా. మీ కంచం మోయలేక నా నడుం విరుగుతోంది."

అతను మధ్యలో దూరాడు. "మీట వదలకుండా నొక్కి పట్టుకుంటేనే కుర్చీ కదులుతుందమ్మా. ఏ చేతివైపు పెట్టమంటారు?"

"కుడివైపే," అన్నాను. ఆ చేతి వేళ్ళలో పట్టు పోయిందని తెలిస్తే గది దాటనివ్వరని నా భయం.

"ఎడమవైపు పెట్టండి," అంది మీ అమ్మ. "కుడిచేత్తో నొక్కలేక నడిమెట్ల మీద ఆగిపోతారు."

కన్నకొడుక్కి కూడా చెప్పని సంగతి అది. "నీకెవరు చెప్పారే?" అని గద్దించాను.

"నీళ్ళ సీసా మూత వదులుగా పెడుతున్నానని రోజూ తిడతారుగా. బిగిస్తే మీరు తీయగలరా?"

ఎడమచెయ్యి చాపి అతనికి చూపించాను.

మా పోట్లాటలు నీకు ఎలాగూ గుర్తుంటాయి. దీన్ని కూడా గుర్తుపెట్టుకుని నీ పిల్లలకు చెప్పవే తల్లీ.