సాగదీత

వేదిక మీద ఎడమ నుంచి కుడికి ఆసీనులైనవారు: పిల్లల క్రీడాసంఘం అధ్యక్షులు, ముఖ్య అతిథిగా విచ్చేసిన విశ్రాంత న్యాయమూర్తి, సంఘం కార్యదర్శి, చివరగా ఒక ఖాళీ కుర్చీ. అధ్యక్షులు కూర్చున్న మరుక్షణమే నిద్రలోకి జారుకున్నారు కనుక వారిని కూడా ఖాళీ కుర్చీ కిందనే జమకట్టవచ్చు.

అసలు ఖాళీ కుర్చీ ఫిజియోథెరపిస్టుది. ఆమె కార్యదర్శితో పోట్లాడి లేచి వెళ్ళిపోయింది.

పోట్లాట అనడం కూడా సబబు కాదు. పొద్దుటి నుంచి పిల్లల వెంటపడి అరిచి అరిచి ఆమె గొంతు పూర్తిగా పోయింది. పోట్లాడిందంతా గుసగుసగానే.

"సార్, పిల్లలు ఇంతసేపూ బస్సుల్లో ముడుచుక్కూర్చుని వచ్చారు. ఒళ్ళు సాగదీయకుండా పరిగెత్తిస్తే కండరాలు పట్టేస్తాయి. నాకో అరగంట కావాలి. మైకు కూడా కావాలి."

"మైకు పెద్దల కోసమమ్మా. ఆకాశం చూశావా? ఇదిగో వాన, అదిగో వాన అంటోంది. జడ్జిగారు రెండు ముక్కలు మాట్లాడతారు, వెంటనే పరుగు."

"నిరుడు మీ అమ్మాయికి ఏమైందో మర్చిపోయారా?"

మరిచిపోలేదు. తొడ వెనుక కండరం చిరిగి కూతురు ట్రాకు మీద కూలబడిన దృశ్యం కార్యదర్శి కళ్ళలో ఇంకా చెరగలేదు. ఆ కండరమే మళ్ళీ చిరిగితే పరుగు మాట ఇక మరిచిపొమ్మన్నారు వైద్యులు. అలాగని ఆలస్యం చేస్తే వాన పోటీనే మింగేస్తుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

అందుకే ముఖ్య అతిథిని ఏరికోరి పిలిచారు. న్యాయమూర్తిగారు కొలువులో ఉన్నంతకాలం ఒక్క మాట ఎక్కువ మాట్లాడి ఎరుగరు. ఇంట్లో భోజనానికి పిలిచినా "అనుమతించడమైనది" అని లేస్తారని ప్రతీతి.

వేదిక వెనుక పెద్ద తెర కట్టారు. తెర వెనుక ఖాళీ జాగాలో పోటీ పిల్లలంతా పిలుపు కోసం ఎదురుచూస్తున్నారు. న్యాయమూర్తి మైకు ముందు నిలిచి గొంతు సవరించుకున్నారు.

"ముందుగా మనం మన మూలాలకు వంగాలి. మెల్లగా వంగి నేలను తాకాలి. తాకి, కాసేపు అలాగే ఉండాలి."

ఆపైన మాట లేదు. చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం. మరచిపోయారేమోనని సభ జాలిపడసాగింది.

"తొందరపడి లేచినవాడు బాగుపడడు," అన్నారు చిట్టచివరకు. "ఇప్పుడు లేవవచ్చు."

ముందు వరుసలోని ఒక పెద్దమనిషి తననే అన్నారనుకుని లేచి నిలబడ్డారు. భార్య చొక్కా పట్టి కిందికి లాగింది.

"వెనకడుగు వేయడం అవమానం కాదు. అయితే వేసిన కాలి మడమ నేలను విడువరాదు. అలాగే నిలబడాలి!"

చప్పట్లు మోగాయి. చప్పట్లు కొట్టినవారికే ఎందుకు కొట్టారో తెలియదు.

"ఎడమవైపుకు న్యాయం జరిగింది. ఇక కుడివైపు."

కార్యదర్శికి ముచ్చెమటలు పోశాయి. మైకు పెట్టె దగ్గర కూర్చున్న బావమరిది మెడ చాచాడు.

"బావా, ఈయన ఎలక్షన్లో గాని నిలబడుతున్నాడా?"

"నోర్ముయ్‌రా. రెండు ముక్కలే అన్నాడు నాతో."

"ముక్కలు రెండే బావా. ఒక్కోటి మైలు పొడుగు."

ఆకాశం ఉరిమింది.

"అదిగో, ఆకాశం పిలుస్తోంది. రెండు చేతులా అందుకుందాం. ఇంకా. ఇంకాస్త. అదీ!"

అధ్యక్షులు నిద్రలోనే రెండు చేతులూ పైకి చాచి, ఆవులించి, మళ్ళీ ముడుచుకున్నారు.

కార్యదర్శి ప్రాణం గిలగిలలాడింది. తెర వెనుక పిల్ల కర్రలా బిగుసుకుపోతూ ఉంటుంది. ఈ అరగంటేదో ఆ ఫిజియో అమ్మాయికి ఇచ్చినా పుణ్యం దక్కేది. ఉండబట్టలేక లేచి న్యాయమూర్తి కోటు అంచు పట్టుకుని లాగారు.

"అయ్యా, ఇక చాలండి. వానొచ్చేస్తోంది."

"అభ్యంతరం తోసిపుచ్చడమైనది," అని ఆయన మళ్ళీ మైకు వైపు తిరిగారు. "సమాజం ఒంటికాలి మీద నిలబడాలి. తూలినా పరవాలేదు, పక్కవారి భుజం పట్టుకోవాలి."

సభలో ఈలలు మొదలయ్యాయి.

"వైరు పీకెయ్‌రా," అన్నారు కార్యదర్శి.

"జడ్జిగారు బావా! లోపలేయిస్తాడు."

"రిటైరయ్యాడురా, పీకు!"

బావమరిది దేవుడికి దండం పెట్టుకుని వైరు మీద చెయ్యి వేశాడు.

"ఊపిరి నిండా పీల్చండి," అన్నారు న్యాయమూర్తి. "వదలండి. సెలవు."

సభంతా నిజంగానే ఊపిరి వదిలింది.

పరుగు మొదలైంది. కార్యదర్శి కళ్ళు గట్టిగా మూసుకున్నారు. కేకలు వినబడి తెరిచేసరికి కూతురు గీత దాటి, రెండు కాళ్ళ మీదా నిక్షేపంలా నిలబడి, మూడో స్థానం వచ్చిందని గెంతుతోంది. ఆ పోటీలోనే కాదు, తరువాతి పోటీల్లోనూ ఒక్కరూ కుంటలేదు, ఒక్కరూ కూలబడలేదు. చివరి పోటీ ముగిశాకే వాన మొదటి చినుకు రాల్చింది. ఇదెలా సాధ్యమో కార్యదర్శికి అంతుపట్టలేదు.

అప్పటికి ఫిజియోథెరపిస్టు చెమటలు తుడుచుకుంటూ వచ్చి తన కుర్చీలో కూర్చుంది. వందన సమర్పణ ఆమె వంతు.

"అందరికీ చెప్పమ్మా, ఆ పెద్దాయనకి తప్ప," అని కార్యదర్శి ఆమె చెవిలో పళ్ళు నూరారు.

ఆమె మైకు పెదవులకు ఆనించుకుంది. గుసగుస మైదానమంతా పాకింది.

"గొంతు పోయిన నాకు మైకు దక్కలేదని తెలిసి, నేను చేయించదలచిన వ్యాయామాలన్నిటినీ నన్నడిగి తెలుసుకుని ఉపన్యాసంగా మలిచి, తెర వెనుక మా పిల్లలందరి చేతా ఒక్కొక్క కండరాన్నీ ఓపికగా సాగదీయించిన గౌరవనీయ న్యాయమూర్తిగారికి సంఘం తరఫున కృతజ్ఞతలు సమర్పించడమైనది."