బొగ్గుపొడి మడి

మొదటి దెబ్బ గాసిదే. సరిగ్గా మూతి మీద పడింది. ఉదయ్ పెదవి చిట్లి, రెండు పళ్లు నెత్తుటితో సహా క్యారెట్ మడిలో రాలాయి.

గాసి మేనకోడలు సోనికి ఆరేళ్లు. మొన్న ఈ మడిలోనే ఒక క్యారెట్ పీక్కుని, గౌనుకు తుడుచుకుని తినేసింది. సాయంత్రానికి వాంతులు, విరేచనాలు. హుకుంపేట ఆసుపత్రికి మోసుకెళ్తుంటే దారిలోనే పోయింది. నిన్న మట్టి చేశారు.

భూమి గాసిది, సాగు ఉదయ్‌ది, పంట చెరిసగం. ఉదయ్ పక్క ఊరివాడే. వ్యవసాయ డిగ్రీ చదివొచ్చాడు. బొగ్గుపొడి, కానుగ పిండి, బాగా మాగిన ఆకు ఎరువు కలిపితే మట్టిలో రోగపు క్రిములు తగ్గుతాయని, దుంపలు పచ్చివి తిన్నా భయముండదని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. ఈ పొద్దున విశాఖ బస్సు దిగీ దిగగానే అతన్ని ఇక్కడికి ఈడ్చుకొచ్చారు.

"నీ నల్లపొడే నా సోని గుంటని మింగేసింది," అన్నాడు సోని తండ్రి ఫల్గుణ. కర్ర వెన్ను మీద పడింది.

"కొట్టు బావా. ఇంకో నాలుగు తగల్నీ," అన్నాడు గాసి.

"ఫల్గుణన్నా, నేనూ ఈ మళ్లోవే తిన్నాను గదా," ఉదయ్ మూలిగాడు.

ఫల్గుణ కర్ర గాల్లోనే ఆగింది. ముసలి కనక అడ్డం వచ్చింది.

"సెప్పనీండ్రా. ఆడూ మన కొండోడే గదా. సంపేత్తారేటి?"

"ఏటి సెప్తాడు మామ్మా? సదూకున్నోడు. మాటల్తో మాయ సేత్తాడు." గాసి అతని మెడ పట్టి ముందుకు తోశాడు.

ఉదయ్ ముఖం మట్టిలో కూరుకుపోయింది. మరుక్షణమే ఉలిక్కిపడ్డట్టు తల ఎత్తాడు.

"ఈ మట్టి... వాసన..."

గాసి మడమ దవడ మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడు అందరూ విన్నారు. అయినా ఆ నోరు మళ్లీ కదిలింది. గాసి గట్టు మీది రాయిని రెండు చేతులా ఎత్తి వేశాడు.

ఉదయ్ ఇక కదల్లేదు.

ఫల్గుణ కర్ర పారేసి కూలబడ్డాడు. నెత్తురంటిన గాసి చేతులు పట్టుకుని ఏడ్చాడు.

"కన్నోణ్ణి నేనే ఎనక్కి తగ్గినాను. మేనమామంటే నువ్వే బావా."



పోయిన వారం ఉదయ్ ఊళ్లో లేనప్పుడు, దుంపలు త్వరగా ఊరాలని పందుల దొడ్డి కడిగిన పచ్చిపెంట నీళ్లు ఆ మడికి పారించింది గాసే.