పెట్టెకు కుంకుమ

ఆ వీధిలో ప్రతి ఇంట్లోనూ ఒక పెట్టె ఉండేది. దాచుకున్న డబ్బు, తలుపు తాళం, కుళాయి నీళ్లు, అన్నీ దాని చేతిలోనే. అది ఒకసారి ఆగిందంటే, ఎదురింటివాళ్లు తమ పెట్టెలో సరేనని నొక్కితేనే మళ్లీ పనిచేసేది. అందుకే హైమవతి దాని ఫ్యాన్‌లో దుమ్ము చేరనిచ్చేది కాదు. వేసవంతా కూలర్ దానికే పెట్టి తను చెమటలో మగ్గేది.

ఆయుధపూజ నాడు ఆమె భర్త సుదర్శనం పెట్టెకు పసుపు రాసి, కుంకుమ గుప్పిట్లోకి తీసుకున్నాడు.

"ఫ్యాన్ తిరుగుతోంది, వద్దండీ!"

"స్కూటర్‌కి చేసి దీనికి చెయ్యకపోతే ఎట్టా? నోర్మూసుకుని హారతి పట్రా."

చల్లిన కుంకుమంతా ఫ్యాన్ లోపలికి లాగేసుకుంది. పెట్టె ఒక్క గురక పెట్టి చచ్చూరుకుంది. తలుపు తాళం పడింది, కుళాయి ఆగింది.

హైమవతి బ్రష్‌తో కుంకుమంతా దులిపి దాన్ని లేపితే, తెరమీద ఎదురింటి రాజ్యం పేరు వచ్చింది. సుదర్శనం ముఖం మాడిపోయింది. పోయిన నెల ఎలుక వైరు కొరికి రాజ్యం పెట్టె ఆగి, సరేనని నొక్కమని ఆమె తన కిటికీలోంచి అడిగితే, "దిష్టి తగిలిందేమో, తీసుకోండి" అని ఆమె ముఖాన తలుపేసి, పూటంతా నొక్కకుండా ఏడిపించింది అతనే.

"వదినా, సరేనని ఒక్కసారి నొక్కరూ?" అని హైమవతి కిటికీలోంచి పిలిచింది.

రాజ్యం తీరిగ్గా వచ్చి, ఊచల మధ్య నుంచి ఒక నిమ్మకాయ లోపలికి విసిరింది.

"మీ ఆయన్ని దిష్టి తియ్యమను. ఆయనకి బాగా తెలుసుగా!"

హైమవతి ఆ నిమ్మకాయ తీసి మొగుడి చేతిలో పెట్టింది.

"కానివ్వండి. తీశాక కాళ్లు కడుక్కోడానికి మాత్రం నీళ్లు లేవు."