పసుపు పూసిన గాటు

ప్రతి ఇంటి బాల్కనీలో రబ్బరు మొక్క ఉండాలనీ, రోజూ దాని పాలు సర్కారుకు ఇచ్చి తీరాలనీ చట్టం వచ్చి పదేళ్లయింది. అయినా పొద్దున్నే ఆ మొక్కకు గాటు పెట్టాలంటే హైమావతికి ఇప్పటికీ చెయ్యి ఆడదు. నిన్న గాటు మరీ లోతుగా పడేసరికి, పిల్లల మోకాళ్లకు పూసినట్టే దానికీ పసుపు పూసింది.

ఇవాళ తనిఖీకి వచ్చిన పాల ఇన్‌స్పెక్టరు, గాటు కింద పాలు పట్టిన గిన్నెలోకి చూసి మొహం చిట్లించాడు.

"పాలు పచ్చగా ఉన్నాయేంటి?"

"గాయానికి పసుపు పూశానండి."

"కల్తీ చేశావన్నమాట. మొక్కని తీసుకుపోతున్నా. మొక్క లేని కొంపకి కరెంటు ఉండదు, తెలుసుగా?"

"పదేళ్లు బిడ్డలా పెంచానండి."

"బిడ్డైతే రోజూ కోసేదానివా?"

అతను కుండీని రెండు చేతులా విసురుగా లాగాడు. మట్టిలో గుచ్చి ఉంచిన గాటుకత్తి జారి అతని అరచేతిని చీల్చింది. నెత్తురు బొటబొటా కారింది.

"చూస్తా నిలబడ్డావేంటి? లోపల్నించి కాస్త పసుపు పట్రా."

హైమావతి ఉన్నచోటి నుంచి కదల్లేదు.

"కల్తీ అయిపోద్దండి," అంది.