డెబ్బయ్యో గంట

డెబ్బయ్యో గంటకు ఇంజను మళ్లీ పగిలింది.

మిలిటరీ ట్యాంకు కోసం తయారు చేస్తున్న డీజిల్ ఇంజను అది. పన్నెండు సిలిండర్లు. రెండు వందల గంటలు ఆగకుండా నడిస్తేనే సైన్యం తీసుకుంటుంది. ఆరేళ్లుగా డెబ్బయ్యో గంట దాటింది లేదు. ప్రతిసారీ సిలిండర్ హెడ్డులోనే, వెంట్రుకంత చీలిక.

చీఫ్ డిజైనర్ చెవుల్లోంచి దూది తీసేసి టెస్టు గదిలోంచి బయటికొచ్చాడు. వెనకాలే డ్రాఫ్ట్స్‌మన్. ఆయనకు స్వయానా బావమరిది.

“ఇరవై మంది ఇంజనీర్లు కావాలని పైవాళ్లను అడిగారు కదా బావా, ఏమన్నారు?”

“ఒక టైపిస్టును ఇచ్చారు. మళ్లీ అడగాలంటే ఉత్తరం టైపు చేయడానికి కాబోలు.”

“అవతలి దేశంలో ఇదే పనికి రెండు వందల మంది ఉన్నారట.”

“ఉంటారు. అయినా వాళ్లకీ సరైన ఇంజను కుదరలేదుగా.”

ఆ నెలాఖరున బావమరిది మాయమయ్యాడు. అతనితో పాటే బీరువాలోని ఇంజను డ్రాయింగులన్నీ. వారం తిరక్కుండా అతను సరిహద్దు అవతల తేలాడని కబురొచ్చింది.

సెక్యూరిటీ ఆఫీసరు చీఫ్‌ను మూడు రోజులు ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

“మీ ఇంట్లో అన్నం తిన్న మనిషి. మీకు అనుమానమే రాలేదా?”

“తల వంచుకుని తినేవాడండీ.”

చీఫ్ ఉద్యోగం పోలేదు. ఆ ఇంజను సంగతి తెలిసినవాడు మరొకడు లేడు మరి. పరువు మాత్రం పోయింది. క్యాంటీన్‌లో ఆయన బల్ల దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు. ఇంట్లో భార్య తమ్ముడి ఫొటో గోడ మీంచి తీసి ట్రంకుపెట్టె అడుగున పడేసింది. “నా తోడబుట్టినవాడే మీ కొంప ముంచాడు” అని ఆవిడ కుమిలిపోతుంటే, “పోనీలే, నీ తప్పేముంది” అనేవాడాయన.

రెండేళ్లు గడిచాయి. ఒక ఉదయం సెక్యూరిటీ ఆఫీసరు చంకలో కాగితాల చుట్టతో, పెళ్లికొడుకులా వెలిగిపోతూ వచ్చాడు.

“అవతలివాళ్ల కొత్త ఇంజను డ్రాయింగులు. ఎవడో మహానుభావుడు మన రాయబారి ఇంటి గుమ్మంలో పడేసి పోయాడు.”

చీఫ్ చుట్ట విప్పాడు. తన ఇంజనే. పన్నెండు సిలిండర్లూ తనవే. హెడ్డు ఒక్కటే మారింది. పొగ వాల్వుల మధ్య నీళ్లు తిరిగే దారిని కాస్త పక్కకు జరిపి, వెడల్పు చేశారు.

“దొంగ సొత్తుకు మెరుగులు కూడా దిద్దారే” అన్నాడు ఆఫీసరు.

అదే కొలతలతో కొత్త హెడ్డు పోతపోయించారు. ఇంజను డెబ్బయ్యో గంట దాటింది. వందో గంట దాటింది. రెండు వందల గంటలూ పూర్తయ్యాక జనరల్‌గారు, తన బట్టలకు నూనె మరకలు అంటుతున్నా చూసుకోకుండా, చీఫ్‌ను కౌగిలించుకున్నారు.

“మీ బావమరిది చేసిన ద్రోహం చివరికిలా కలిసొచ్చింది. బతికిపోయారు” అన్నాడు ఆఫీసరు, కొంచెం మెత్తబడి.

“అంతా మీ దయ” అన్నాడు చీఫ్.

అందరూ వెళ్లాక ఆయన తన గదిలోకొచ్చి తలుపేసుకున్నాడు. ఆ చుట్టలోని చివరి షీటు బల్ల మీద పరిచి, కళ్లజోడు సర్దుకుని, రబ్బరు చేతిలోకి తీసుకున్నాడు.

కింది మూల, కొలతల అంకెల మధ్య, చీమ తలకాయలంత పెన్సిలు అక్షరాలు: “బావా, మీరు చెప్పినట్టే రెండు వందల మందితోనూ పని చేయించాను, ఇక గేర్‌బాక్సు డ్రాయింగులు కూడా పంపండి, వీళ్లిక్కడ ఖాళీగా ఉన్నారు.”