చెక్కల దండు

"చెక్కలు తెచ్చారా?" తలుపు తీస్తూనే అడిగాడు జనరల్.

"తెచ్చాను సార్. కాస్త ఆలస్యమైంది," అన్నాడు వచ్చినాయన, భుజాన ఉన్న సంచీ తడుముకుంటూ.

జనరల్ అన్నది ఆటల క్లబ్బువాళ్లు పెట్టిన పేరు. ఆయన ఆరు రోజులు బీమా గుమాస్తా, ఆదివారం మాత్రం ధీమా మనిషి. భోజనాల బల్ల మీద కొండలూ నదీ కోటా పరిచి, వేలెడంత సీసపు బొమ్మలతో యుద్ధాలు చేస్తాడు. తన మీసానికి రంగేసుకునే తీరిక లేదు గానీ, రెండొందల మంది సైనికుల మీసాలకు వేశాడు. పదకొండేళ్లుగా క్లబ్బు వెండికప్పు ఆయన షోకేసులోనే కాపురముంటోంది. తనకు ఓటమి లేదని బల్ల గుద్ది చెప్పేవాడు. గుద్దినప్పుడల్లా గుర్రపుదళం బోర్లా పడుతోందని ఈమధ్య గాల్లోనే గుద్దుతున్నాడు.

ఇవాళ ఆ కప్పు కోసం ఆఖరి ఆట. ప్రత్యర్థి పొరుగూరి క్లబ్బువాడు. ముఖం ఎలా ఉంటుందో జనరల్‌కు తెలీదు. బొమ్మల బదులు చెక్కముక్కలు పెట్టి ఆడతాడని మాత్రం విన్నాడు. తప్పేం కాదు, ఒక ముక్క అంటే ఒక దళమని లెక్క. కాకపోతే బొమ్మయితే గుర్రమో ఫిరంగో కంటికి తెలుస్తుంది. చెక్కమొహం చూసి ఏం పోల్చుకుంటాం?

"మాటలొద్దు. పెట్టండి," అన్నాడు జనరల్.

వచ్చినాయన బొమ్మల మధ్య కాస్త జాగా చూసి, నున్నటి ముక్కొకటి పెట్టాడు. సరిగ్గా ఫిరంగుల పక్కన!

జనరల్ ఫిరంగుల వైపు వంగాడు. దళం వచ్చి తగిలిందంటే పక్కనున్న బొమ్మలు చచ్చినట్టే. చచ్చినట్టు తీసేశాడు.

జాగా ఖాళీ అయ్యేసరికి వచ్చినాయనకు ఉత్సాహం వచ్చింది. ఇంకోటి పెట్టి, జేబులోంచి టేపు తీసి కొలిచాడు. టేపు లేనిదే ఈ ఆటలో అడుగు పడదు మరి.

"ముప్పావు అంగుళం సార్."

"అంతేనా?" అంటూ జనరల్ గుర్రాల వైపు చూశాడు. అంత దగ్గరకొస్తే గుర్రాలు బతకవు. అవీ పోయాయి.

"పోనీ, ఇది చూడండి. ఇంకా గట్టిది."

"ఇంకా ఉన్నాయా!"

"సంచీ నిండా ఉన్నాయి సార్. ఇదైతే నీళ్లకు కూడా జంకదు."

అంటే నది దాటేస్తుంది! పదకొండేళ్లలో ఆ నది దాటిన మగాడు లేడు. జనరల్ వంతెన కాపలావాళ్లను ఒక్కొక్కరినే ఏరి డబ్బాలో పడుకోబెట్టాడు.

"ఏమయ్యా, నీకు కొంచెమైనా జాలి లేదా?"

"అయ్యో, మొహమాటపడకండి సార్. మీరు చాలనేదాకా పెడుతూనే ఉంటాను."

"ఎంత పొగరు!" అని పళ్లు నూరాడు జనరల్, లోపల్లోపలే.

ఏడో ముక్క కోటగుమ్మం ముందు దిగింది. బల్ల మీద సేనాపతి ఒక్కడే మిగిలాడు. జనరల్ ఆ బొమ్మను వేలితో మెల్లగా పడుకోబెట్టి, లేచి షోకేసు తెరిచాడు. కప్పును చొక్కా చేతితో తుడిచాడు. అదే చేత్తో కళ్లూ తుడుచుకున్నాడు.

"తీసుకోండి. ఇన్నాళ్లూ నాది, ఇకనుంచి మీది."

వచ్చినాయన కప్పును అటూ ఇటూ తిప్పి చూసి, టేపుతో దాని ఎత్తు కొలిచాడు.

"దీనికీ ఓ అర పెడతాను గానీ సార్, ముందు అమ్మగారు చెప్పిన వంటింటి అలమరాకి ఈ ఏడు చెక్కల్లో ఏది ఖాయం చేశారో చెప్పండి."